ఆర్టికల్ పెట్టే ముందు రెండు ప్రశ్నలు

మీకు ఇంగ్లిష్ వచ్చు. పేపర్ చదివితే అర్థమవుతుంది, ఆఫీసు నుంచి మెయిల్ వస్తే జవాబు రాయగలరు. అయినా పంపే ముందు ఒక దగ్గర చెయ్యి ఆగుతుంది. ఇక్కడ 'ఎ' పెట్టాలా, 'ద' పెట్టాలా, ఏమీ పెట్టకుండా వదిలేయాలా? హైదరాబాద్‌లోని మచ్చ బొల్లారంలో ఉంటూ, షామీర్‌పేట దాటాక తుర్కపల్లి దగ్గరున్న జీనోమ్ వ్యాలీలో ల్యాబ్ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టేవారికీ, మేడ్చల్ గోదాముల్లో స్టాకు రిపోర్టు రాసేవారికీ, పిల్లవాడి బడికి లీవ్ లెటర్ రాసే తల్లికీ ఈ ఇబ్బంది ఒకటే. 2022-23 విద్యా సంవత్సరం నుంచి తెలంగాణ ప్రభుత్వ బడుల్లోనూ ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లిష్ మీడియం వచ్చింది. కాబట్టి రాత్రి హోంవర్క్ ముందు కూర్చున్న పిల్లలు కూడా ఇదే ప్రశ్న వేస్తారు. "అమ్మా, ఇక్కడ 'ద' ఎందుకు?" అంటే ఏం చెబుతారు? "అలా వస్తుంది, రాసుకో" అని చెప్పి ఊరుకుంటే ఆ పిల్లవాడు ఇరవై ఏళ్లయ్యాక కూడా ఇలాగే ఆగుతాడు.

మార్కెట్లో దొరికే గ్రామర్ పుస్తకాల్లో ఈ 'ఎ', 'ద'ల మీద, అంటే ఆర్టికల్స్ మీద, రూల్స్ చాలా ఉంటాయి. నదుల పేర్లకు ఒక రూలు, వాద్యాలకు ఒకటి, రోగాలకు ఒకటి. అన్నీ నిజమే, కానీ మాట్లాడేటప్పుడు ఒక్కటీ గుర్తుకు రాదు. ఎందుకంటే అవన్నీ నౌన్ వైపు చూడమంటాయి, ఆర్టికల్ మాత్రం వినేవారి కోసం ఉన్నది. "మచ్చ బొల్లారంలో ఇల్లు తీసుకున్నాం" అని మీరంటే, ఎదుటివారికి ఆ ఇల్లేదో తెలియదు. నెల పోయాక వానాకాలంలో "ఇల్లు కారుతోంది" అంటే, ఏ ఇల్లో వాళ్లకు తెలుసు. రెండు వాక్యాల్లోనూ మీరన్నది 'ఇల్లు' అనే. తేడాను వినేవారే గ్రహించారు. ఇంగ్లిష్‌లో మొదటిది 'ఎ హౌస్', రెండోది 'ద హౌస్'. తెలుగులో వినేవారు చేసుకునే పనిని ఇంగ్లిష్‌లో మాట్లాడేవారు ముందే చేసి ఇవ్వాలి. ఈ అధ్యాయంలో నేను చెప్పదలచుకున్నదంతా ఈ ఒక్క సంగతి మీదే నిలబడుతుంది. ఆర్టికల్స్ లేని భాష నుంచి వచ్చిన వారంతా, రష్యన్లైనా చైనీయులైనా జపనీయులైనా, ఇక్కడే తడబడతారు. ఇది మీ తెలివికి సంబంధించిన లోపం కాదు.

పైగా తెలిసినది, తెలియనిది అనే తేడా తెలుగుకు కొత్తా? "పెట్టె తెచ్చారా?" అని ఒకరు అడిగారు, "పెట్టెను తెచ్చారా?" అని ఇంకొకరు అడిగారు. మొదటాయనకు ఏ పెట్టె అయినా చాలు కావచ్చు. రెండో ఆయన చాలావరకు ముందే అనుకున్న పెట్టె గురించి అడుగుతున్నాడు. ఆ చిన్న 'ను' ఏ స్కూల్లోనూ నేర్పకుండానే మీకు వచ్చేసింది. 'ఒక', 'ఆ', 'ఈ' కూడా అవసరమైన చోట మీ నోటికి వాటంతటవే వస్తాయి. అంటే ఆర్టికల్ వెనకున్న ఆలోచన మీ దగ్గర ఉంది. దాన్ని ప్రతి నౌన్ ముందూ పైకి చెప్పే అలవాటు ఒక్కటే కావాలి. ఆ అలవాటుకు రెండు ప్రశ్నలు చాలు. ఒకదాని తర్వాత ఒకటి, ఇదే వరసలో వేసుకోండి.

1. మొదటి ప్రశ్న: నేనంటున్నది ఏదో ఎదుటివారికి తెలుసా?

తెలుసు అయితే 'ద'. ఇక రెండో ప్రశ్నతో పని లేదు. ఆ నౌన్ లెక్కపెట్టగలిగేదైనా, లెక్కపెట్టలేనిదైనా, ఒకటైనా, పదైనా 'ద' సరిపోతుంది. ఎదుటివారికి ఎలా తెలుస్తుంది? ముందు వాక్యంలో చెప్పి ఉండవచ్చు, కళ్లెదుట ఉండవచ్చు, లోకంలో అది ఒక్కటే ఉండవచ్చు, లేదా ఏదో మీరే వెంటనే విడమరిచి చెప్పి ఉండవచ్చు. మచ్చ బొల్లారం పక్కనే ఉన్న రాష్ట్రపతి నిలయం గురించి నాలుగు ముక్కలు రాయాలనుకుందాం. 'దేర్ ఈజ్ యాన్ ఓల్డ్ బిల్డింగ్ ఇన్ బొల్లారం.' చదివేవారికి అది ఏ బిల్డింగో ఇంకా తెలియదు, అందుకే 'యాన్'. 'ద బిల్డింగ్ వాజ్ కంప్లీటెడ్ ఇన్ 1860.' ఇప్పుడు తెలుసు, అందుకే 'ద'. 'టుడే ద ప్రెసిడెంట్ ఆఫ్ ఇండియా స్టేస్ దేర్ ఆన్ విజిట్స్ టు హైదరాబాద్.' భారత రాష్ట్రపతి ఒక్కరే కాబట్టి ముందు చెప్పకపోయినా 'ద'. చివర్లో 'విజిట్స్' ముందు ఏమీ లేదు చూశారా? అవి ఏ పర్యటనలో చదివేవారికి తెలియదు, తెలియాల్సిన పనీ లేదు.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. ముఖ్యమైన మాట కనబడగానే గౌరవంగా 'ద' తగిలిస్తారు. 'ద హెల్త్ ఈజ్ ఇంపార్టెంట్', 'ద వ్యాక్సిన్స్ సేవ్ లైవ్స్' అంటారు. ప్రాముఖ్యానికీ 'ద'కూ సంబంధం లేదు. లోకంలోని వ్యాక్సిన్లన్నిటి గురించి అంటున్నప్పుడు 'వ్యాక్సిన్స్ సేవ్ లైవ్స్' అంటే చాలు. 'ద వ్యాక్సిన్స్ ఆర్ ఇన్ ద కోల్డ్ రూమ్' అంటే నిన్న వచ్చిన ఆ బ్యాచ్, మన కోల్డ్ రూమ్. నీళ్ల విషయంలోనూ అంతే. 'వాటర్ ఈజ్ ప్రెషస్', కానీ 'ద వాటర్ ఫ్రమ్ అవర్ బోర్‌వెల్ ఈజ్ హార్డ్'. మన బోరు నీళ్లు అని విడమరిచాం కాబట్టి 'ద' వచ్చింది.

2. రెండో ప్రశ్న: ఇంగ్లిష్‌లో దాన్ని లెక్కపెడతారా?

ఎదుటివారికి తెలియదు అన్న జవాబు వస్తేనే ఇక్కడికి రండి. లెక్కపెట్టేదై, ఒక్కటే అయితే 'ఎ' లేదా 'యాన్'. ఒకటికంటే ఎక్కువైతే ఏమీ వద్దు. లెక్కపెట్టనిదైతే కూడా ఏమీ వద్దు. ఈ మూడింట్లో మనవాళ్లు ఎక్కువగా తప్పేది మొదటిదే. "నేను ఇంజనీర్ని" అనడంలో 'ఒక' లేదు కాబట్టి 'ఐ యామ్ ఇంజనీర్' అనేస్తారు. 'ఐ వర్క్ ఇన్ కంపెనీ', 'షి ఈజ్ టీచర్' కూడా అలా వచ్చినవే. ఒక్కటి గుర్తుంచుకోండి: లెక్కపెట్టగలిగే ఏకవచన నౌన్ ఇంగ్లిష్‌లో ఒంటరిగా నిలబడలేదు. దాని ముందు 'ఎ', 'ద', 'మై', 'దిస్', 'వన్', ఏదో ఒకటి ఉండాలి. 'ఎట్ హోమ్', 'బై బస్', 'ఎట్ స్కూల్' లాంటి కొన్ని పలుకుబడులు మినహాయింపు. ఆ మినహాయింపుల్లోనూ ఒక అర్థం ఉంది. 'మై సన్ ఈజ్ ఎట్ స్కూల్' అంటే చదువుకోవడానికి వెళ్లాడు. మీరు ఫీజు కట్టడానికి వెళితే మాత్రం 'ఐ వెంట్ టు ద స్కూల్'.

ప్రశ్నలో "ఇంగ్లిష్‌లో" అన్న మాటను కావాలనే పెట్టాను. ఎందుకంటే తెలుగు లెక్క వేరు, ఇంగ్లిష్ లెక్క వేరు. మనం "నీళ్లు వచ్చాయి", "పాలు విరిగాయి" అంటాం. రెండూ మనకు బహువచనాలు. ఇంగ్లిష్‌లో 'వాటర్', 'మిల్క్' మామూలుగా ఏకవచనాలే. మనం సలహాలు ఇస్తాం, వార్తలు వింటాం, సామాన్లు సర్దుతాం, హోంవర్కులు చేయిస్తాం. అందుకే 'అడ్వైసెస్', 'లగేజెస్', 'హోంవర్క్స్' అంత సులువుగా నోట్లోంచి వచ్చేస్తాయి. 'న్యూస్' చివర 'స్' కనబడుతుంది, కాబట్టి 'ద న్యూస్ ఆర్ గుడ్' అంటారు. అదీ ఏకవచనమే, 'ద న్యూస్ ఈజ్ గుడ్'.

ఇక్కడ మీరు గట్టిగా అభ్యంతరం చెప్పవచ్చు. "కుర్చీలు లెక్కపెట్టవచ్చు, బల్లలు లెక్కపెట్టవచ్చు, మరి ఫర్నిచర్‌ను ఎందుకు లెక్కపెట్టకూడదు? ఇందులో తర్కం ఏముంది?" అంటారు. నిజమే, పూర్తి తర్కం లేదు. కానీ మన వంటింట్లోకి ఒకసారి చూడండి. పాలు అయిపోయాయి, కానీ నూనె అయిపోయింది. రెండూ పోసుకునేవే, ఒకటి బహువచనం, ఒకటి ఏకవచనం. కందులు ఎండుతున్నాయి. అవే కందులను విసిరి పొట్టు తీస్తే కందిపప్పు అయి, "పప్పు ఉడికింది" అంటాం. మన వ్యాకరణంలో నిత్య బహువచనాలు, నిత్య ఏకవచనాలు అని వీటికి పేర్లే ఉన్నాయి. నీళ్లు, పాలు, పెసలు మొదటి జట్టు, బంగారం, మంచు, వరి లాంటివి రెండోది. ఏ తెలుగువాడైనా దీన్ని తర్కంతో నేర్చుకున్నాడా? విని విని అలవాటు చేసుకున్నాడు. ఇంగ్లిష్ అన్‌కౌంటబుల్ నౌన్స్ కూడా నిత్య ఏకవచనాలే. ఎందుకని వాదించే సమయంలో వాటి జాబితా నేర్చుకోవడం మేలు. అది మీరు భయపడేంత పెద్దదీ కాదు.

3. మీ పనికి కావలసిన జాబితా మీరే రాసుకోండి

పుస్తకాల్లోని వంద మాటల పట్టిక కంఠస్థం చేయకండి. మీ మెయిళ్లలో, రిపోర్టుల్లో రోజూ వచ్చేవి పదిహేనో ఇరవయ్యో ఉంటాయి. ఫార్మా కంపెనీలో పనిచేసేవారికి 'ఎక్విప్‌మెంట్', 'ఎవిడెన్స్', 'రీసెర్చ్', 'డాక్యుమెంటేషన్'. ఐటీ వారికి 'సాఫ్ట్‌వేర్', 'హార్డ్‌వేర్', 'ఫీడ్‌బ్యాక్', 'ఇన్ఫర్మేషన్'. ఇంటి విషయాలకు 'ఫర్నిచర్', 'లగేజ్', 'ట్రాఫిక్', 'జువెలరీ', 'అడ్వైస్'. వీటిలో దేనికీ చివర 'స్' రాదు, ముందు 'ఎ' రాదు.

మరి లెక్క చెప్పాల్సి వస్తే? ఒక ప్లాంటులో షిఫ్ట్ దిగే ముందు లాగ్‌బుక్‌లో ఒక లైను రాయాలనుకోండి. 'త్రీ ఎక్విప్‌మెంట్స్ వర్ క్లీన్డ్' అని రాయడం చాలా చోట్ల అలవాటు. 'త్రీ పీసెస్ ఆఫ్ ఎక్విప్‌మెంట్' అంటే సరైనదవుతుంది, కానీ అది రాయడానికి బరువు, చదవడానికీ బరువు. ఇంకో దారి ఉంది, నాకు అదే నచ్చుతుంది. ఇంగ్లిష్‌లో దాదాపు ప్రతి మొత్తం పేరుకూ పక్కనే విడి వస్తువు పేరు ఉంటుంది. 'ఎక్విప్‌మెంట్'కు 'మెషీన్', 'లగేజ్'కు 'బ్యాగ్', 'అడ్వైస్'కు 'సజెషన్', 'వర్క్'కు 'జాబ్', 'ట్రాఫిక్'కు 'వెహికిల్', 'ట్రావెల్'కు 'ట్రిప్'. లెక్క చెప్పాలంటే విడి పేరు వాడండి. 'త్రీ మెషీన్స్ వర్ క్లీన్డ్.' ఏ మెషీన్లో తెలిస్తే ఇంకా మంచిది, వాటి పేర్లే రాసేయవచ్చు. జాబితా రాసుకునేటప్పుడు ఇలా జంటలుగా రాసుకుంటే రెండింతలు పనికొస్తుంది.

కొన్ని మాటలు రెండు వైపులా ఉంటాయి, వాటి దగ్గర కాస్త నెమ్మదిగా నడవండి. రెజ్యూమెలో 'ఐ హావ్ యాన్ ఎక్స్‌పీరియన్స్ ఆఫ్ టూ ఇయర్స్' అని రాస్తారు. ఏళ్ల తరబడి పోగైన అనుభవం లెక్కపెట్టేది కాదు, 'ఐ హావ్ టూ ఇయర్స్ ఆఫ్ ఎక్స్‌పీరియన్స్' అనాలి. జరిగిన ఒక సంఘటన అయితేనే 'యాన్ ఎక్స్‌పీరియన్స్'. 'పేపర్' అంటే కాగితం, 'ఎ పేపర్' అంటే వార్తాపత్రికో పరిశోధనా వ్యాసమో. 'ఐ ఏట్ చికెన్' అంటే కూర తిన్నారు, 'ఐ ఏట్ ఎ చికెన్' అంటే కోడినంతా తిన్నారు. 'నాలెడ్జ్' అన్‌కౌంటబుల్ అని నేర్చుకున్నాక 'ఎ గుడ్ నాలెడ్జ్ ఆఫ్ ఎక్సెల్' అని ఎక్కడైనా కనబడితే తప్పనుకోకండి, అది ఒప్పే. ఇలాంటి చోట్ల నాణ్యమైన డిక్షనరీ తెరిస్తే మాట పక్కనే అది కౌంటబులో అన్‌కౌంటబులో గుర్తు ఉంటుంది. అర్థం చూసి మూసేయకుండా ఆ గుర్తు కూడా చూడటం నేర్చుకోండి.

4. 'ఎ'నా, 'యాన్'నా? తెలుగులో రాసి చూడండి

ఈ ఒక్క విషయంలో తెలుగువారికి ఇంగ్లిష్‌వారికి లేని సౌకర్యం ఉంది. వారి అక్షరం ఒకటి, పలుకు ఒకటి. మన లిపిలో పలికినట్టే రాస్తాం. కాబట్టి సందేహం వచ్చిన మాటను తెలుగులో రాయండి. మొదటి అక్షరం అచ్చు అయితే 'యాన్', హల్లు అయితే 'ఎ'. యాన్ ఎమ్మెల్యే, యాన్ ఎంఎంటీఎస్ ట్రైన్, యాన్ ఆర్టీసీ బస్, యాన్ ఎఫ్ఐఆర్, యాన్ అవర్, యాన్ ఆనెస్ట్ మ్యాన్. మరోవైపు ఎ యూనివర్సిటీ, ఎ యూపీఎస్సీ ఎగ్జామ్, ఎ వన్-వే రోడ్, ఎ యూరోపియన్ కంట్రీ. 'య'తోనో 'వ'తోనో మొదలయ్యాయి, రెండూ హల్లులే. ఇదే పరీక్ష 'ద' పలకడానికీ పనికొస్తుంది. అచ్చు ముందు 'ది' అని పలుకుతారు: ది ఎమ్మెల్యే, ద యూనివర్సిటీ.

రెండు జాగ్రత్తలు. మన నోరు 'ఎ' ముందు 'య'నీ, 'ఒ' ముందు 'వ'నీ కలుపుతుంది. 'ఎవరు' అన్నది 'యెవరు'గా, 'ఒక' అన్నది 'వొక'గా వస్తుంది. అదే ఊపులో 'యెగ్', 'వోనర్' అంటే లెక్క తప్పుతుంది. అవి అచ్చులతో మొదలయ్యే 'ఎగ్', 'ఓనర్' అనే తలచి 'యాన్' పెట్టండి. రెండోది, మనం 'హెచ్' అనే అక్షరాన్ని ఇంగ్లిష్‌లో ఎక్కువమంది 'ఎయిచ్' అంటారు, అందుకే 'యాన్ హెచ్‌ఆర్ మేనేజర్'.

5. 'ఫ్యూ', 'లిటిల్' దగ్గర మాత్రం తప్పు చేయకండి

"ఆర్టికల్ లేకపోయినా అర్థమవుతుంది కదా, ఎందుకింత శ్రమ?" ఇది అన్నిటికంటే ఎక్కువగా వినిపించే మాట. చాలాచోట్ల అర్థమవుతుంది, కాదనను. 'ఐ బాట్ హౌస్' అన్నా ఎదుటివారికి తెలుస్తుంది. కానీ కొన్నిచోట్ల ఆర్టికల్ పోతే అర్థమే తిరగబడుతుంది. మీ కాలనీలో కొన్ని ఇళ్లకు నీళ్లు రావడం లేదు. వాటర్ బోర్డుకు ఇలా ఫిర్యాదు రాశారు: 'ఫ్యూ హౌసెస్ ఆర్ నాట్ గెటింగ్ వాటర్.' ఇంగ్లిష్‌లో 'ఫ్యూ' అంటే కొద్ది, లేనట్టే. అంటే మీ కాగితం "నీళ్లు రాని ఇళ్లు దాదాపు లేవు" అని చెబుతోంది. ఫిర్యాదు కాస్తా కితాబు అయిపోయింది. 'ఎ ఫ్యూ హౌసెస్' అని ఉంటే "కొన్ని ఇళ్లు" అని సరిగ్గా అందేది. లెక్కపెట్టనివాటికి 'లిటిల్' కూడా అంతే. ఇంటర్వ్యూలో 'ఐ నో లిటిల్ హిందీ' అంటే హిందీ రాదన్నట్టే, 'ఎ లిటిల్ హిందీ' అంటే కొంచెం వచ్చని. ఉద్యోగానికి హిందీ అవసరమైతే ఆ ఒక్క అక్షరం మీద మీ అవకాశం ఆధారపడవచ్చు. 'అవుట్ ఆఫ్ ద క్వశ్చన్' అంటే అసాధ్యం అని అర్థం. ఇందులో 'ద' తీసేసి రాసేవారు కూడా చాలామంది, అప్పుడు ఆ అర్థం నిలవదు.

ఆర్టికల్ తప్పు తేలిగ్గా కంటబడటానికి ఇంకో కారణం ఉంది. ఇంగ్లిష్‌లో అన్నిటికంటే ఎక్కువసార్లు వచ్చే మాట 'ద'. సుమారు 20 మాటలకు ఒకసారి వస్తుంది. ఒక పేజీలో అరుదైన మాట ఒకటి తప్పితే చదివేవారు దాటిపోతారు. ప్రతి లైనులో వచ్చేది ప్రతి లైనులో తప్పితే దాటిపోలేరు. "మరి పేపర్ హెడ్డింగుల్లో ఆర్టికల్స్ ఉండవు కదా?" అంటారేమో. హెడ్డింగులో చోటు చాలదు, అది ఆ రాతకు ఉన్న పద్ధతి. కిందనున్న వార్త మొదటి వాక్యం చదవండి, అన్నీ వాటి చోట్లలోనే ఉంటాయి. వాట్సాప్‌లో స్నేహితులకు 'రీచ్డ్ ఆఫీస్' అని పెట్టడంలో తప్పేమీ లేదు, ఆ భాషను దరఖాస్తులోకి తేకపోతే చాలు.

6. పేర్ల దగ్గర ఎక్కువగా ఆలోచించకండి

ఊరు, మనిషి, చెరువు, ఎక్కువ కాలేజీలు, ఇవన్నీ ఆర్టికల్ లేకుండానే వస్తాయి: మచ్చ బొల్లారం, షామీర్‌పేట్ లేక్, హుస్సేన్ సాగర్, ఉస్మానియా యూనివర్సిటీ. నదులకు 'ద' వస్తుంది: ద మూసీ, ద గోదావరి. పేరులో 'ఆఫ్' ఉంటే సాధారణంగా 'ద' వస్తుంది: ద యూనివర్సిటీ ఆఫ్ హైదరాబాద్. ఒక్కో అక్షరం విడిగా పలికే ప్రభుత్వ సంస్థలకు 'ద' పెడతారు: ది ఆర్‌బీఐ, ద సీబీఐ. ఒకే మాటలా పలికేవాటికి పెట్టరు: ఇస్రో, నల్సార్. ఇంత చెప్పినా ఆఖరికి సంస్థ తన పేరును ఎలా రాసుకుంటే అదే ఒప్పు. తార్నాకలో 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్‌గా మొదలై, 2007లో సెంట్రల్ యూనివర్సిటీ అయిన సంస్థ పేరులో 'ఆఫ్' లేదు, అయినా తన పేరును 'ది ఇంగ్లిష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ' అని 'ది'తో కలిపే రాసుకుంటుంది. వెబ్‌సైట్లో చూసి అలాగే దించండి.

7. రోజుకు పావుగంట ఇలా చేయండి

"రూల్స్ ఎందుకు, చదువుతూ పోతే అదే వస్తుంది" అనేవారి మాటలో సగం నిజం ఉంది. చదవకుండా రాదు. కానీ ఆర్టికల్ చిన్న మాట, అర్థం కోసం పరిగెత్తే కన్ను దాని మీద ఆగదు. పదేళ్లుగా రోజూ ఇంగ్లిష్ పేపర్ చదువుతూ 'ఐ యామ్ ఇంజనీర్' అని రాసేవారు అందుకే ఉన్నారు. కన్నును ఆపడానికి ఒక పని చేయండి. పేపర్లో ఒక చిన్న వార్త తీసుకుని, ఆర్టికల్స్ వదిలేసి నోటు పుస్తకంలో దించుకోండి. మర్నాడు అసలు వార్త చూడకుండా, ప్రతి నౌన్ దగ్గర రెండు ప్రశ్నలూ వేసుకుంటూ ఖాళీలు నింపండి. తర్వాత పోల్చండి. తేడా వచ్చిన చోట వెంటనే మీదే తప్పనుకోకండి. అక్కడ రాసినవారు చదివేవారికి ఏం తెలుసని అనుకున్నారో ఆలోచించండి. కొన్నిసార్లు రెండూ ఒప్పే అవుతాయి, అర్థం కొద్దిగా మారుతుంది అంతే. ఆ కొద్ది తేడా పట్టుకోగలిగిన రోజున మీకు ఆర్టికల్స్ వచ్చినట్టే.

ఇదే పని మీ సొంత రాత మీదా చేయండి. మెయిల్ పూర్తయ్యాక చివరిసారి ఒక్క నౌన్ల కోసమే చదవండి, ఒక్కోదాని మీద వేలు పెట్టి. ఏకవచనమై, లెక్కపెట్టేదై, ముందు ఏమీ లేకుండా ఉన్నది దొరికిందంటే దాదాపు ఎప్పుడూ అక్కడ ఏదో రావాలి. మాట్లాడేటప్పుడు మాత్రం ఈ వెతుకులాట వద్దు. మధ్యలో ఆగి 'ఎ'నా 'ద'నా అని వెతుక్కుంటే చెప్పే విషయం చెదిరిపోతుంది. రాతలో రెండు మూడు నెలలు సాధన చేస్తే మాటలోకి అదే దిగుతుంది. ఈ వారానికి మీ జాబితాలో పది జంటలు రాసుకోండి, రేపు పంపబోయే మొదటి మెయిల్‌తో మొదలుపెట్టండి.